మాతృభాష గడిలో ఏం రాయాలి?

పోయిన నెల మన సంఘం ఆదివారం తెలుగు తరగతిలో పిల్లల్ని చేర్చుకుంటున్నప్పుడు జరిగిన చిన్న గొడవతో ఈసారి మొదలుపెడుతున్నాం. వ్యాసం పొడుగే, ముందే చెప్పేస్తున్నాం. కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ట్రస్ట్‌పురం నుంచి ఒక పెద్దావిడ మనవణ్ణి తీసుకొచ్చారు. ఆవిడ భర్త స్టూడియోల్లో లైట్‌మన్‌గా పనిచేశారు, తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. కొడుకు ఇక్కడే పుట్టి పెరిగాడు. కోడలు తంజావూరు అమ్మాయి. మేమిచ్చిన ఫారంలో ‘మాతృభాష’ అని ఒక గడి ఉంది. ఆవిడ ‘తెలుగు’ అని రాయబోతుంటే పిల్లవాడు చెయ్యి పట్టుకున్నాడు.

‘‘నాయనమ్మా, మాతృ అంటే అమ్మ కదా. అమ్మది తమిళం.’’

‘‘మీ అమ్మ నాతో తెలుగులోనే కదరా మాట్లాడేది.’’

‘‘నీతో. నాతో కాదుగా.’’

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడకి నవ్వు రాలేదు. పెన్ను బల్ల మీద పెట్టి ‘‘మీరే రాసుకోండి బాబూ’’ అన్నారు. మాకూ ఏం రాయాలో తోచక గడి ఖాళీగా వదిలేశాం. తరవాత సంఘంలో ముగ్గురు నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, ఆ పిల్లవాడూ కరెక్టే, ఆవిడా కరెక్టే. భారత జనగణన ఇప్పుడు ఇచ్చే నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. అంటే వాడిది తమిళం. కానీ బడి విషయంలో ఈ దేశం 1949లో రాసుకున్న మాట వేరు: తల్లో తండ్రో సంరక్షకుడో ఏది మాతృభాష అని చెబితే అదే మాతృభాష. అంటే తండ్రి చెబితే వాడిది తెలుగు. ఒకే పిల్లవాడికి రెండు కాగితాల్లో రెండు మాతృభాషలు. ఈ గడి ఎక్కణ్ణుంచి వచ్చింది, మన కోడంబాక్కం తెలుగువాళ్ళ చదువుల్ని అదెలా మార్చింది అన్నది ఈసారి సంగతి.

అమెరికాలో దక్షిణాసియా చరిత్ర చదివే లీసా మిచెల్ అనే పరిశోధకురాలు 2009లో ఒక పుస్తకం వేశారు. తెలుగువాళ్ళకి ‘మాతృభాష’ అనే భావన ఎలా ఏర్పడిందన్నదే అందులో విషయం. మాటలో చెప్పాలంటే ఆవిడ వాదం ఇది: పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇక్కడివాళ్ళకి భాష అంటే చేసే పనిని బట్టి మారేది. లెక్కలకి ఒకటి, కవిత్వానికి ఒకటి, కచేరీ వ్యవహారానికి ఒకటి, సంతలో ఒకటి. భాష నేలకి చెందింది, దేశభాష. అది మనిషికి చెందిందనీ, ప్రతి మనిషికీ పుట్టుకతో ఒక్కటే భాష ఉంటుందనీ, అది తల్లి లాంటిదనీ అనుకోవడం ఆ శతాబ్దం గడిచేకొద్దీ బలపడిన అలవాటు. మొదటిసారి చదివినప్పుడు మాలో కొందరికి కోపం వచ్చింది. అమ్మ భాషని ‘అలవాటు’ అంటారా అని. తరవాత పరవస్తు చిన్నయసూరి గుర్తొచ్చాడు.

చిన్నయసూరి పుట్టింది శ్రీపెరుంబుదూరులో. ఇవాళ కోడంబాక్కం నుంచి పూందమల్లి మీదుగా గంటన్నరలో వెళ్ళిపోతాం. అదప్పుడూ తమిళం మాట్లాడే ఊరే. ఆయన మద్రాసుకి వచ్చి పచ్చయప్ప వారి బడిలోనూ తరవాత ప్రెసిడెన్సీ కాలేజీలోనూ తెలుగు చెప్పాడు. 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం అచ్చయ్యాయి. కృష్ణా గోదావరి మధ్య పుట్టిన పిల్లలందరూ తరతరాలు ఆ వ్యాకరణం వల్లె వేశారు. తమిళ ఊళ్ళో పుట్టినవాడు తెలుగుకి వ్యాకరణం చెబుతున్నాడేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరూ ఆయన్ని గడి నింపమనలేదు.

గడి వచ్చింది జనగణనతో. అదీ ఒక్కలా లేదు. ఒక లెక్కలో ఉయ్యాలనాటి నుంచి మాట్లాడిన భాష అన్నారు, ఇంకో లెక్కలో మామూలుగా ఇంట్లో వాడే భాష అన్నారు, చివరికి తల్లి మాట్లాడిన భాష దగ్గర ఆగారు. ప్రశ్న మారితే జవాబూ మారుతుంది, జవాబు మారితే అంకె మారుతుంది. అంకెతో అప్పట్లో పెద్ద పని లేదు. పని 1950ల్లో పడింది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ కథలో మన పేట అసలుగా కనిపించేది ఇక్కడే. 1952 అక్టోబరు 17న, దీపావళికి, తమిళంలో ‘పరాశక్తి’ సినిమా విడుదలయింది. తీసింది మన ఆర్కాట్ రోడ్డు మీది ఏవీఎం స్టూడియోలో. మాటలు కరుణానిధివి, శివాజీ గణేశన్‌కి మొదటి సినిమా. సరిగ్గా రెండు రోజుల తరవాత, అక్టోబరు 19న, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకి కూర్చున్నారు. డిసెంబరు 15న చనిపోయేదాకా లేవలేదు. ఒకే ఊరు, ఒకే వారం. ఒకచోట సినిమా హాల్లో కోర్టు సీను డైలాగులకి జనం ఈలలు. అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో ఒక మనిషి అన్నం మానేసి పడుకుని ఉన్నాడు. రెండూ భాష గురించే.

ఎం.ఎస్.ఎస్. పాండియన్ అనే చెన్నై పరిశోధకుడు 1991లో ‘పరాశక్తి’ మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఒక పార్టీ మాట సినిమా మాటగా, సినిమా మాట మళ్ళీ వీధి మాటగా ఎలా మారిందో తెలుసుకోవాలంటే అది చదవాలి. బెర్నార్డ్ బేట్ అనే ఇంకొకాయన తమిళ వేదికల మీది ఉపన్యాసాలనే పుస్తకంగా పరిశోధించాడు. అన్నాదురై తరం నాయకులు మామూలు జనం ముందు మామూలు భాష మాట్లాడలేదు, ప్రాసలతో, అలంకారాలతో పుస్తకపు తమిళం మాట్లాడారు, జనం దాన్నే నెత్తిన పెట్టుకున్నారు అన్నది ఆయన చూపించిన సంగతి. మనకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. మన దగ్గర గిడుగు రామమూర్తి గారు పుస్తకాన్ని జనం మాట దగ్గరికి దించాలని పోరాడారు. వాళ్ళు జనాన్ని పుస్తకం మాట దగ్గరికి ఎక్కించారు. ఏది మంచిదని మేం తీర్పు చెప్పం. మాలో ఇద్దరు ఇప్పటికీ ఈ విషయం మీద మాట్లాడుకోవడం మానేశారు.

తెలుగు పక్షాన ఆ రోజుల్లో వినపడ్డ నినాదం ‘మద్రాసు మనదే’. ఈ మూడో మాటని, కాదు, రెండో మాటని కాస్త పట్టి చూడండి. తెలుగులో ‘మన’ వేరు, ‘మా’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మన, వదిలేస్తే మా. తమిళంలోనూ అంతే, ‘నమ్’ వేరు, ‘ఎంగళ్’ వేరు. ‘మద్రాసు మనదే’ అని ప్యారిస్ కార్నర్‌లో అరిచినప్పుడు ఎదురుగా నిలబడి విన్నది ఎక్కువమంది తమిళులు. వాళ్ళని కలుపుకునే ‘మన’ కాదది. వ్యాకరణం ప్రకారం ‘మాదే’ అనాల్సింది. కానీ ‘మద్రాసు మాదే’ అంటే దెబ్బలాటలా వినపడుతుంది, ‘మనదే’ అంటే ఇంటి మాటలా ఉంటుంది. అవతలి వైపు మ.పో. శివజ్ఞానం గారు తల ఇచ్చయినా తలనగరాన్ని కాపాడుకుంటామనే అర్థం వచ్చే నినాదంతో వచ్చారు. తలకి తల, ప్రాస కుదిరింది. మన నినాదంలో కలుపుకోలు కుదరలేదు.

నిజానికి ఊరి సంగతి అప్పటికే తేలిపోయి ఉంది. నెహ్రూ, వల్లభభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ 1949లోనే ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు మీద పట్టు వదులుకోమంది. శ్రీరాములు గారు పోయిన నాలుగు రోజులకి, 1952 డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, మద్రాసు నగరం కాకుండా. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. ఆ పొద్దున మద్రాసు తెలుగువాళ్ళు ఇంట్లోంచి అడుగు బయటపెట్టకుండానే ఇంకో మనుషులయ్యారు. నిన్నటిదాకా రాజధానిలో ఉన్న రెండు పెద్ద జాతుల్లో ఒకరు. ఇవాళ మైనారిటీ. కర్నూల్లో బాణసంచా, ఇక్కడ అదే పాలవాడు. ఏం మారిందని అడిగితే ఎవరికీ తెలియదు. మారింది కాగితంలో.

సరిగ్గా ఆ 1953లోనే యునెస్కో వాళ్ళు చదువులో దేశభాషల గురించి ఒక నివేదిక వేశారు. పిల్లవాడికి చదువు చెప్పడానికి అన్నిటికన్నా మంచి సాధనం మాతృభాషే అని, దానికి రుజువు కూడా అక్కర్లేదన్నంత నిశ్చయంగా అందులో రాశారు. మనవాళ్ళు అంతకన్నా ముందే, 1949 ఆగస్టులో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో ఒక ఒప్పందానికొచ్చారు. ప్రాథమిక బడిలో పిల్లల మాతృభాష అక్కడి ప్రాంతీయ భాష కాకపోతే, తరగతిలో అలాంటివాళ్ళు పదిమంది గానీ బడి మొత్తంలో నలభైమంది గానీ ఉంటే, కనీసం ఒక టీచర్‌ని పెట్టి వాళ్ళ భాషలో చెప్పించాలి. మాతృభాష ఏదన్నది తల్లిదండ్రుల మాటే. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది, అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి తగిన వసతులు కల్పించాలని. దానికి కాపలాగా 350బి కింద ఒక ప్రత్యేక అధికారి. అధికరణం పెద్ద మాట. బడిలో పని చేసేది మాత్రం పది, నలభై అన్న అంకెలు.

పది అన్నది చిన్న అంకెలా ఉంటుంది. 1950ల్లో, 60ల్లో కోడంబాక్కంలో అది లెక్కే కాదు. ఏవీఎం, వాహినీ, తరవాత విజయా వాహినీ, సాలిగ్రామంలో భానుమతి రామకృష్ణల భరణీ, ఎల్.వి. ప్రసాద్ గారి స్టూడియో. ఒక్కో స్టూడియో చుట్టూ ఒక ఊరు. హీరోల గురించి అందరికీ తెలుసు. మేం చెబుతున్నది మేకప్ అసిస్టెంట్ల గురించి, కుట్టుపని వాళ్ళు, ప్రొడక్షన్ బాయ్‌లు, కోరస్ పాడేవాళ్ళు, కార్పెంటర్లు, డ్రైవర్ల గురించి. వాళ్ళ పిల్లలకి తెలుగు టీచర్ కావాలంటే పదిమందిని వెతకక్కర్లేదు, ఒక సందులోనే దొరికేవారు. బడిలో చెప్పనిది వడపళని చందమామ బిల్డింగ్స్ నుంచి వచ్చేది. 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలైన పత్రిక అది, తమిళానికి పేరు అంబులిమామ. మాలో ఒకాయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి తమిళం నేర్చుకున్నానంటారు. ఇంకొకావిడ అలాగే తెలుగు నేర్చుకున్నారు. ఒకే బొమ్మ, రెండు లిపులు. ఏ విద్యామంత్రీ ఆలోచించని పాఠ్యపుస్తకం.

తరవాత సినిమా కదిలింది. హైదరాబాదులో 1976లో అన్నపూర్ణా స్టూడియో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయితీలిచ్చింది, ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. 1982 మార్చి 29న రామారావు గారు హైదరాబాదులో పార్టీ పెట్టి ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్నప్పుడు, టి. నగర్ బజుల్లా రోడ్డు ఇంటి ముందు ఆయన దర్శనానికి నిలబడ్డ బస్సుల్ని చూసిన మాకు గర్వంగానే ఉండేది. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. ‘సుయమరియాదై’, అంటే ఆత్మగౌరవం, 1925లో పెరియార్ పెట్టిన ఉద్యమం పేరు. ఆ మాట మద్రాసులో దశాబ్దాలుగా గాల్లో ఉంది. రామారావు గారు ఇక్కడినుంచే పట్టుకెళ్ళారని మేం రుజువు చూపలేం, కానీ ముప్పై ఏళ్ళకి పైగా ఈ ఊళ్ళో ఉన్న మనిషి చెవిన పడకుండా ఉంటుందా? ఆత్మగౌరవం హైదరాబాదు వెళ్ళింది. దాంతోపాటు మన తరగతుల్లోని పిల్లలూ వెళ్ళారు.

అంకె ఎలా పడిపోతుందో మేం దగ్గరగా చూసిన ఒక బడి సంగతి చెబుతాం, పేరు వద్దు. మొదట ఒక తరగతిలో తొమ్మిదిమంది అయ్యారు. ఆ ఏడు ఎవరూ ఏమీ అనలేదు. తెలుగు మేడం రిటైరయ్యారు, ఆ ఖాళీ నింపలేదు. టీచర్ లేదు కాబట్టి ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని తీసేశారు. ఏడుగురికి టీచర్ ఎందుకన్నారు. మరుసటేడు ఫారంలో తల్లిదండ్రులే మాతృభాష గడిలో తమిళం అని రాశారు, ఎందుకంటే తెలుగు అని రాస్తే పిల్లవాడు ఖాళీ పీరియడ్‌లో గ్రౌండ్‌లో కూర్చోవాలి. ఇందులో ఎవరూ తెలుగుకి శత్రువు కాదు. ఎవరూ నినాదం ఇవ్వలేదు, ఎవరూ జెండా తగలబెట్టలేదు. 2011 జనగణన ఈ రాష్ట్రంలో 42 లక్షలకి పైగా తెలుగువాళ్ళున్నారంది, నూటికి దాదాపు ఆరుగురు. ఆ 42 లక్షలు ఏ ఒక్క తరగతిలోనూ పదిమందిగా కూర్చోకపోతే ఆ అంకె దేనికి పనికొస్తుంది?

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్పే చట్టం చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతిదాకా తమిళం తప్పనిసరి. అంతకుముందు తెలుగు పిల్లవాడు మొదటి భాషగా తెలుగు తీసుకోగలిగేవాడు. చట్టం తరవాత మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది మిగతా సబ్జెక్టులు, నాలుగో భాగంలో కావాలంటే మాతృభాష. తొలి బ్యాచ్ 2015-16లో పదో తరగతికి వచ్చేసరికి భాషా మైనారిటీల సంఘాలు కోర్టుకెళ్ళాయి. మద్రాసు హైకోర్టు మినహాయింపులిచ్చింది, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో ఏడాది పొడిగించింది. ఏటా మార్చి దగ్గర పడేకొద్దీ తల్లిదండ్రుల గుండెల్లో రాయి.

దీని మీద మా మాట సూటిగా చెబుతాం. ఈ ఊళ్ళో ఉంటూ తమిళం రాయడం చదవడం రాకపోవడం గొప్ప కాదు, ఆ చట్టంలో ఆ భాగానికి మాకు అభ్యంతరం లేదు. బాధ నాలుగో భాగం. ‘కావాలంటే’ అన్న సబ్జెక్టు బడి టైంటేబుల్‌లో ఎక్కడుంటుందో పిల్లల్ని కన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థకి మొదటి డైరెక్టర్ అయిన డి.పి. పట్టనాయక్ గారు 1981లోనే బహుభాషల మీద, మాతృభాషలో చదువు మీద పుస్తకం రాశారు. మన దేశంలో ఒక భాష నేర్పాలంటే ఇంకోదాన్ని పక్కకి నెట్టక్కర్లేదు, పిల్లలు రెండు మూడింటితో సహజంగా పెరుగుతారన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. కోడంబాక్కంలో ఏ సందులోనైనా పిల్లలు క్రికెట్ ఆడుతుంటే పది నిమిషాలు వినండి, ఆయన పుస్తకం చదవక్కర్లేదు.

ఇక మళ్ళీ మన ఫారం సంగతి. కాగితం ఫారం కన్నా ముందు మేం ఆన్‌లైన్‌లో ఒకటి తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పిల్లల పేరు, పుట్టినరోజు, బడి, తల్లిదండ్రుల ఫోన్లు, ఆధార్ నంబరు, మాతృభాష. ఆ రాత్రే పది గంటలకి మన సభ్యురాలొకరు ఫోన్ చేశారు. పాత మహాబలిపురం రోడ్డు మీద ఒక కంపెనీలో కంప్యూటర్ భద్రత చూసే ఉద్యోగం ఆవిడది. ‘‘అన్నా, లింకు ఉన్న ఎవరైనా మొత్తం జాబితా చూడొచ్చు, తెలుసా మీకు? పిల్లల పుట్టినరోజులతో సహా.’’ మాకు తెలియదు. ఆఫీసులో ఆవిడ పనే ఇదట. దొంగ మెయిళ్ళు వాళ్ళే పంపి ఎవరు నొక్కుతారో చూడటం, నొక్కినవాళ్ళని తిట్టకుండా మళ్ళీ నేర్పడం. వాళ్ళ మొదటి సూత్రం అవసరం లేనిది అడగొద్దు, అడగనిది పోదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోనూ అదే ధోరణి ఉందన్నారు. అప్పటికప్పుడు తీసేశాం. ఆధార్ ఎందుకు పెట్టారంటే మా దగ్గర జవాబు లేదు, అందరూ పెడతారని పెట్టాం. తరవాత ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు: ‘‘తెలుగు నేర్చుకోడానికి వచ్చేవాళ్ళని మాతృభాష ఎందుకు అడుగుతున్నారు? దాంతో ఏం చేస్తారు?’’ దానికీ జవాబు లేదు. అయినా కాగితం ఫారంలో ఆ గడి అలాగే ఉండిపోయింది, అలవాటు. అక్కడే పెద్దావిడ పెన్ను ఆగింది.

గడి తీసేశాం. దాని బదులు నాలుగు గీతలు పెట్టాం: ఇంట్లో ఎవరితో ఏ భాష మాట్లాడతావు? ఆ పిల్లవాడు తరవాతి ఆదివారం వచ్చి తనే నింపాడు. నాయనమ్మతో తెలుగు. అమ్మతో తమిళం. నాన్నతో రెండూ, నాన్నకి కోపమొస్తే తెలుగు. నాలుగో గీత మీద ‘కుక్కతో ఇంగ్లీషు’ అని రాశాడు. పెద్దావిడ ఆ కాగితం ఫోటో తీసి కోడలికి పంపించుకున్నారు.

ఇప్పుడు తరగతిలో పదకొండుమంది ఉన్నారు. ఇద్దరు వర్షం వస్తే రారు.

ఒక విన్నపం. 1953కి ముందూ తరవాతా మద్రాసులో చదువుకున్నవాళ్ళ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలూ టీసీలూ మీ ఇళ్ళలో ఉంటే, మాతృభాష అన్నచోట ఏం రాసి ఉందో చూసి మాకు చెప్పండి. ఒకే ఇంట్లో అన్నకి ఒకటి, తమ్ముడికి ఒకటి రాసినవి ఇప్పటికే రెండు దొరికాయి. ఫోటో పంపేటప్పుడు నంబర్లూ పుట్టిన తేదీలూ వేలితో మూసి తీయండి. గ్రూపులో పెట్టకండి, ఆదివారం పొద్దున తరగతికి వచ్చి చూపించండి.